మావయ్యగారి మొదటి చేప: టేబుల్ రాక్ తేటనీళ్ళలో ఒక శనివారం

మొన్న ఫ్రిస్కో నుంచి ఒక కుర్ర జంట ఫోన్ చేసి, "ఆంటీ, బాస్ ఫిషింగ్‌కి టేబుల్ రాక్ లేక్‌కి డ్రైవ్ చేస్తున్నాం, గైడ్‌ని బుక్ చేసుకోమంటారా?" అని అడిగారు. ఆ ఒక్క మాటతో నలభై ఏళ్ళ నాటి కోపం నాకు మళ్ళీ వచ్చేసింది. ఫోన్‌లోనే చాలాసేపు తిట్టాను, వాళ్ళని కాదులెండి. చివరికి ఆ అమ్మాయి, "ఇదంతా రాసి పెట్టండి ఆంటీ, వెళ్ళే ముందు చదువుకుంటాం" అంది. అందుకని రాస్తున్నాను. ఇందులో ధరలు అప్పటివి, రోడ్లు అప్పటివి. చేప బుద్ధి, గైడ్ బుద్ధి మాత్రం పెద్దగా మారి ఉంటాయని నేననుకోను.

అది 1984. మేం ఓక్లహోమాలోని టల్సాలో ఉండేవాళ్ళం. నేను హాస్పిటల్‌లో నర్సుని, మా ఆయన ప్రభాకర్ ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. ఆ మార్చిలో అత్తయ్యగారూ మావయ్యగారూ నరసాపురం నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉన్నారు. మావయ్యగారు మత్స్యశాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, చొక్కాకి ఇస్త్రీ ఎక్కువ. జూన్‌లో ఇక పది రోజుల్లో తిరుగు ప్రయాణం అనగా, ఒక సాయంత్రం గరాజ్‌లో గోడకి ఆనించి ఉన్న గాలం కర్రల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను వాషింగ్ మెషిన్‌లో బట్టలు వేయడానికి వెళ్తే, నా వైపు తిరక్కుండానే అన్నారు, "ముప్ఫై రెండేళ్ళు చేపల శాఖలో ఉన్నానమ్మా. నా చేత్తో ఒక్క చేపని పట్టలేదు."

నాకు నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వడం లేదు. వలలకి లైసెన్సులు ఇచ్చే ఇన్‌స్పెక్టరు గట్టున కూర్చుని గాలం వేస్తే బెస్తవాళ్ళ ముందు పరువేముంటుందని ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వేయలేదట. రిటైరయ్యాక వేద్దామంటే, ఊళ్ళో అందరూ ఇంకా ఇన్‌స్పెక్టరుగారూ అనే పిలుస్తున్నారట. "ఇక్కడైతే నన్నెవరూ ఎరగరు కదా. అబ్బాయికి ఖాళీ ఉంటే ఒక్కసారి తీసుకెళ్ళమను" అన్నారు. ఒక మనిషి జీవితమంతా అడక్కుండా దాచుకున్న కోరిక అది. దానికి ఇంకా ఒక్క శనివారమే మిగిలి ఉంది.

ఇప్పుడు అసలు విషయం చెప్పాలి. ఆ గాలం కర్రలు మా ఆయనవి కావు, నావి. నాతో పనిచేసే డార్లీన్ అనే నర్సు నాకు బాస్ ఫిషింగ్, అంటే బాస్ అనే మంచినీటి చేపని గాలంతో పట్టడం నేర్పింది. నాలుగేళ్ళుగా, నైట్ షిఫ్ట్ దిగి ఇద్దరం అటునుంచి అటే చెరువుకి పోయేవాళ్ళం. ప్రభాకర్‌కి పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది, గాలానికి ముడి వేయడం కూడా రాదు. కానీ అత్తయ్యగారు వచ్చిన మొదటి రోజే ఆ కర్రల్ని చూసి, "అబ్బాయి చేపలు కూడా పడతాడా?" అని మురిసిపోయారు. ఆయన కాదనలేదు, నేనూ కాదనలేదు. కోడలు ప్యాంటు వేసుకుని గాలం పట్టుకుని పడవలో కూర్చుంటుందని మా వైపు తెలిస్తే ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. మూడు నెలలు నా కర్రలు నా ఇంట్లోనే పరాయివాళ్ళ సొత్తయ్యాయి.

మా ఆయనకి ఆ వారమే హ్యూస్టన్‌లో పని పడింది. "నువ్వే తీసుకెళ్ళు, ఎవరైనా గైడ్‌ని పెట్టుకోండి" అన్నాడు. ఇక్కడే నేను బుద్ధి తక్కువ పని చేశాను. తేటనీళ్ళలో బాస్‌ని ఎలా పట్టాలో నాకు తెలుసు. కానీ మావయ్యగారికి నేను చెప్పడమెలా? అలా నిలబడకండి, ఇలా విసరకండి, నోరు మెదపకుండా కూర్చోండి అని కోడలు మామగారితో అనగలదా? అదే ఒక అమెరికన్ గైడ్ చెబితే ఆయన గౌరవంగా వింటారు కదా అనుకున్నాను. నా నోట్లో ఉన్న మాటలే ఇంకొకడి నోటి నుంచి చెప్పించడానికి ఒక షిఫ్ట్ జీతం కంటే ఎక్కువే ఇవ్వడానికి ఒప్పుకున్నాను. సగం రోజుకి తొంభై అయిదు డాలర్లు. ఆ గైడ్ పేరు రే. ఫోన్ ఎత్తగానే, "మీ ఆయన్ని లైన్‌లోకి పిలవండి, డీటెయిల్స్ ఆయనకి చెబుతాను" అన్నాడు. అప్పుడే ఫోన్ పెట్టేయాల్సింది.

పొద్దున ఎన్నింటికి రావాలని అడిగితే ఏడింటికన్నాడు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు తేటగా ఉన్నచోట చేప కంటితో వేటాడుతుంది, అదే కంటితో మనల్నీ చూస్తుంది. వెలుగు పూర్తిగా రాని మొదటి గంటే మనది. సూర్యుడు పైకొచ్చాక అది ఒడ్డు వదిలి లోతుకి పోతుంది. ఈ సంగతి డార్లీన్ నాకు మొదటి రోజే చెప్పింది. ఆ లేక్ మీదే బతికే రేకి తెలియదా? తెలుసు. ఆ మొదటి గంట నిద్రకి ఉంచుకున్నాడు, అంతే.

శనివారం తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరాం. అత్తయ్యగారు కారు పక్కన నిలబడి చిన్న ప్రార్థన చేసి, చపాతీలు, బంగాళదుంప కూర, ఫ్లాస్కులో టీ ఇచ్చారు. టల్సా నుంచి టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు పట్టుకుని మిస్సోరీలోకి ప్రవేశించి, జాప్లిన్ దాటాక ఇంటర్‌స్టేట్ వదిలి, మోనెట్, కాస్‌విల్ ఊళ్ళ మీదుగా దక్షిణానికి దిగాలి. అప్పట్లో గంటకి యాభై అయిదు మైళ్ళకి మించి పోకూడదు, కాబట్టి మూడుంబావు గంటలు పట్టింది. కాస్‌విల్ దాటాక రోడ్డు కొండల్లో మెలికలు తిరుగుతుంది, వెనక సీట్లో పిల్లలుంటే వాంతుల కవర్లు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు జాప్లిన్‌లోనే పోయించుకోండి, ఆ తర్వాత ఆ వేళకి బంకులు తెరిచి ఉండవు.

పడవలు కట్టే డాక్ మీద ఎరల కొట్టు ఉంది. ఒక్కరోజు లైసెన్సులు అక్కడే చేత్తో రాసిచ్చారు. ఆ పని జరుగుతుండగా కొట్టతను మావయ్యగారిని గోడ దగ్గరకి తీసుకెళ్ళాడు. గోడంతా కృత్రిమ ఎరలే, ఇక్కడ అందరూ లూర్లంటారు. పసుపు, గులాబీ, ఆకుపచ్చ, మెరుపులు పూసినవి, గిరగిరా తిరిగే రేకులున్నవి, గిలక్కాయల్లా చప్పుడు చేసేవి. మావయ్యగారికి పెళ్ళివారి బట్టల కొట్లోకి వచ్చినట్టయింది. కొట్టతను అరచేయంత పసుపు రంగు ఎర ఒకటి చేతిలో పెట్టి, "ఇది ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది సర్" అన్నాడు. నిజమే, కనిపిస్తుంది. మన గోదావరి లాంటి బురద నీళ్ళలో అయితే అదే కావాలి, చేపకి కనబడాలి, వినబడాలి. అడుగున రాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్న నీళ్ళలో అలాంటిది వేస్తే చేప దగ్గరికొచ్చి, ఇది తిండి కాదని చూసుకుని వెళ్ళిపోతుంది. అక్కడ కావాల్సింది చిటికెనవేలంత రబ్బరు ఎర. పొగరంగు, మట్టిరంగు, లేదా అక్కడ రాళ్ళ కింద ఉండే క్రాడాడ్ అనే చిన్న రొయ్యలాంటి దాని గోధుమరంగు. నాకు తెలుసు. పక్కనే నిలబడి ఉన్నాను. "బాగుందమ్మా, కదూ?" అని మావయ్యగారు అడిగితే, "బాగుంది మావయ్యగారూ" అన్నాను.

అలాంటివి మూడు కొన్నారు. లావుపాటి దారం కూడా ఒక చుట్ట కొన్నారు, ఇరవై పౌన్ల బరువు ఆపేది. "లావుగా ఉంటే తెగదు" అన్నారు. తేటనీళ్ళలో ఆ దారం చేపకి మోకులా కనబడుతుంది. ఆరు పౌన్ల సన్నటిది చాలు, అది నీళ్ళలో కనపడదు, చిన్న ఎర సహజంగా మునుగుతుంది. దీనికి కూడా తలూపాను. ఇంటి మర్యాద అంటే ఇదేనేమో, తెలిసి తెలిసి మనిషిని గోతిలో దిగనివ్వడం.

రే పడవలో ముందు ఒక ఎత్తు కుర్చీ, వెనక ఒక ఎత్తు కుర్చీ, మధ్యలో బల్ల. ముందు కుర్చీ దగ్గర కాలితో నడిపే చిన్న కరెంటు మోటరు ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడే పడవని ఒడ్డు వెంట తిప్పుతాడు, ప్రతి రాయినీ ప్రతి చెట్టునీ ముందు చూసేది, ముందు ఎర విసిరేది అతనే. వెనకవాడికి అప్పటికే కలియబెట్టిన నీళ్ళు మిగులుతాయి. మంచి గైడ్ అయితే తన కర్ర ముట్టుకోడు, పడవని పక్కకి తిప్పి వెనకవాడికి కొత్త నీళ్ళు అందేలా చూస్తాడు. రే ముందు కుర్చీలో కూర్చుని తన కర్ర తీశాడు. నన్ను మధ్య బల్ల మీద కూర్చోబెట్టి, "నువ్వు ఫోటోలు తీయి హనీ" అన్నాడు.

కొండ నీడ పడిన ఒడ్డుకి తీసుకెళ్ళాడు. అది మాత్రం సరైన చోటే. నీడ ఉన్నంతసేపూ చేప ఇంకా పైనే తిరుగుతుంది. అతను నీటి పైన వయ్యారంగా అటూ ఇటూ నడిచే ఎర ఒకటి విసిరాడు. మూడో విసురుకే నీళ్ళు బద్దలై బాస్ పడింది. మావయ్యగారు వెనక నుంచి చప్పట్లు కొట్టి, "వెరీ గుడ్ సర్" అన్నారు. రే ఆ చేపని ఎత్తి నా కెమెరాకి చూపించి, నీళ్ళలోకి వదిలేశాడు. మరో పది నిమిషాలకి ఇంకొకటి. మళ్ళీ ఫోటో, మళ్ళీ నీళ్ళలోకి. వెనక మావయ్యగారు తెల్లగా మెరిసే ఇస్త్రీ చొక్కాతో నిటారుగా నిలబడి, రే ఇచ్చిన కర్రతో ఆ పసుపు ఎరని అతను వదిలేసిన నీళ్ళలోకి దబ్బున విసురుతూ ఉన్నారు. విసిరిన ప్రతిసారీ చిన్న చిన్న చేపలు చెదిరిపోవడం నాకు పైనుంచి కనబడుతోంది.

"ఆయనకి కొంచెం చెప్పండి. సన్న దారం, చిన్న ఎర ఇవ్వండి. కూర్చోమనండి" అని రేతో మెల్లగా అన్నాను.

"కాసేపు చూడనీ హనీ. చూస్తే అదే వస్తుంది" అన్నాడు, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

ఇంకో గంటకి మళ్ళీ అడిగాను. ఈసారి వినబడనట్టు మళ్ళీ ఎర విసిరాడు. మావయ్యగారి దగ్గరికి జరిగి, "ముందు సీటు మీరడగండి మావయ్యగారూ, డబ్బులిచ్చింది మనమే" అన్నాను. ఆయన కంగారుపడ్డారు. "తప్పమ్మా. ఆయన పడవ, ఆయన ఊరు. అతిథులం మనం ముందు కూర్చుంటామా?" అన్నారు. చూశారా మన సంస్కారం? కిరాయికి పెట్టుకున్న మనిషిని ఇంటి యజమానిని చేసి, మనం చుట్టాల్లా వెనక సర్దుకున్నాం. పైగా రే చేప పట్టినప్పుడల్లా మావయ్యగారు అతనికి అడ్డం రాకూడదని తన ఎర తీసేసుకుని కూర్చున్నారు. పన్నెండింటికి లెక్క చూస్తే రేకి ఆరు, మావయ్యగారికి సున్నా. మిగతా డబ్బు నా చేతి నుంచి తీసుకుని, "ఇవాళ వీటికి ఆకలి లేదు" అన్నాడు ఆ మహానుభావుడు. ఆరు చేపలు తిన్నది అతని ఎరనే కదా అని అడగాలనిపించింది. అడగలేదు.

డాక్ పక్కన బల్ల మీద చపాతీలు విప్పాం. మావయ్యగారు సగం తిని, "సరేలే అమ్మా, చూశాం కదా. మీ అత్తయ్య ఎదురుచూస్తుంటుంది, పోదాం" అన్నారు. ఆయన మాటల్లో కోపం లేదు. అదే నన్ను కోసేసింది. మంగళవారం విమానం. ఆ పసుపు ఎరల్ని మళ్ళీ జాగ్రత్తగా డబ్బాలో పెట్టుకుంటున్నారు, ఇంటికి పట్టుకెళ్ళడానికి. నేను చేతులు కడుక్కుని నేరుగా కొట్లోకి వెళ్ళి, చిన్న మోటరున్న అల్యూమినియం పడవ ఒకటి సాయంత్రం దాకా అద్దెకి తీసుకున్నాను. పద్నాలుగు డాలర్లు, పెట్రోలుతో సహా. కారు డిక్కీ తెరిచి, ఎందుకైనా మంచిదని దుప్పటి కింద పెట్టుకొచ్చిన రెండు కర్రల్నీ, నా ఎరల డబ్బానీ తీశాను.

"అబ్బాయివి తెచ్చావా?" అన్నారాయన.

"అబ్బాయివి కావండి. నావి."

నేను తాడు లాగి మోటరు స్టార్ట్ చేస్తుంటే ఆయన నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంట, ఎర్రటి ఎండ, అద్దంలాంటి నీళ్ళు. తేటనీటి ఫిషింగ్‌కి ఇంతకంటే చెడ్డవేళ ఉండదు. అలాంటప్పుడు రెండు పనులు చేయాలి. గాలి తగిలే ఒడ్డు వెతకాలి, ఎందుకంటే నీటి పైన అలలు లేస్తే వెలుగు చెదిరి చేపకి మన ఆకారం సరిగ్గా కనబడదు. రెండోది, లోతుకి వెళ్ళాలి. ఒక గులకరాళ్ళ కొమ్ము నీళ్ళలోకి చొచ్చుకొచ్చి ఒక్కసారిగా లోతుకి దిగే చోటు చూసుకుని, గాలికి ఎదురుగా దూరంగా పడవ ఆపి లంగరు వేశాను. మావయ్యగారు అలవాటుగా లేచి నిలబడ్డారు. తెల్ల చొక్కా ఎండలో జెండాలా వెలిగింది. నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"కూర్చోండి మావయ్యగారూ. ఆ చొక్కా మీద నా ఆకుపచ్చ కోటు వేసుకోండి. ఆ పసుపు దాన్ని లోపల పెట్టేయండి, ఇక్కడ అది పనికిరాదు. పొద్దున్నే చెప్పాల్సింది."

ఆయన కూర్చున్నారు. కోటు వేసుకున్నారు, భుజాల దగ్గర బిగుతుగా ఉన్నా. తర్వాత నెమ్మదిగా అడిగారు, "పొద్దున్న తెలిసుండీ ఎందుకూరుకున్నావమ్మా?"

"మీకెలా చెబుతాను మావయ్యగారూ?"

"నోటితో" అన్నారు.

ఆ తర్వాత ఇక ఆగలేదు నేను. ఆరు పౌన్ల దారానికి చిన్న సీసపు తల ఉన్న గోధుమరంగు రబ్బరు ఎర కట్టి చేతికిచ్చాను. వీలైనంత దూరం విసరమన్నాను, ఎందుకంటే మనకి దగ్గర్లో ఉన్న చేప మనల్ని ఎప్పుడో చూసేసి ఉంటుంది. విసిరాక ఇరవై దాకా లెక్కపెట్టి ఎరని అడుగుకి చేరనివ్వమన్నాను. లాగొద్దు, కర్ర కొసని మెల్లగా పక్కకి జరిపి ఎర రాళ్ళ మీద పాకేలా చేసి, మళ్ళీ ఆగమన్నాను. ఆగినప్పుడే చేప తీసుకుంటుంది. ఆయన బుద్ధిగా "ఒకటి, రెండు" అని పైకే లెక్కపెట్టారు. పదిసార్లు విసిరాక, దారం కొంచెం పక్కకి జరిగింది. బెండు మునగగానే గుంజే కుర్రాళ్ళని జీవితమంతా గట్టు మీంచి చూసిన మనిషి కదా, రెండు చేతులా ఎత్తి ఒక్క గుంజు గుంజారు. దారం పుటుక్కున తెగింది.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఈసారి ఆయన మీద. "గుంజొద్దని చెప్పానా లేదా?" అన్నాను. కోడలు మామగారితో అనే మాట కాదది, గొంతు కూడా కాదు. ఆయన తెగిన దారం కొస పట్టుకుని, "చెప్పలేదమ్మా. అది చెప్పలేదు" అన్నారు. నిజమే. దారం కదిలితే ఏం చేయాలో చెప్పనే లేదు. అప్పుడు చెప్పాను: వదులుగా ఉన్న దారాన్ని ముందు రీలుతో చుట్టుకోవాలి, బరువు తగిలాక కర్రని ఆపకుండా పైకి ఎత్తాలి, సన్న దారం మనల్ని మోసేది ఆ నెమ్మది వల్లే. దారం కొసని నా చేతికిచ్చి నాలుగుసార్లు ఆ ఎత్తడం సాధన చేశారు.

మూడున్నరకి గాలి తగ్గింది. నేను చోటు మారుద్దామంటుంటే ఆయన నీళ్ళలోకి వంగి చూస్తూ ఆపారు. ఆ లేక్ కట్టినప్పుడు మునిగిపోయిన సీడర్ చెట్లు అడుగున ఇంకా నిలబడే ఉన్నాయి. మా కొమ్ము చివర ఒక చెట్టు తల లోతులో నల్లగా కనబడుతోంది. "ఇది మన కొరమీను లాంటిదేనా? నీడలో నక్కి కూర్చుని, ఎదరకొచ్చిన దాన్ని మింగే రకమా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే రాళ్ళ మీద కాదమ్మా ఉండేది. ఎండ ఇటునుంచి కదా, ఆ చెట్టుకి అటువైపు నీడలో ఉంటుంది" అన్నారు. నాలుగేళ్ళుగా వేస్తున్న నాకు తట్టలేదది. పడవ జరిపాను. ఆయన చెట్టు దాటేలా విసిరి, ఇరవై లెక్కపెట్టి, ఒక్కసారి జరిపి ఆగారు. దారం పక్కకి నడిచింది. నేను నోరు మూసుకున్నాను. ఆయన చుట్టుకున్నారు, ఎత్తారు, కర్ర విల్లులా వంగింది.

అయిదారు నిమిషాలు పట్టింది. దారం చెట్టుకి చుట్టుకుంటుందేమోనని భయపడి చచ్చాను. "దారం వదలండి, చుట్టుకోండి, తొందరలేదు" అని నేను అంటుంటే ఆయన "సరే, సరే" అంటూ ఉన్నారు. పిడి ఉన్న చేతివలని చేప కింద పెట్టి పైకెత్తాను. ఉంచుకునే చేప కనీసం ఇంత ఉండాలని డాక్ దగ్గర బోర్డు మీద రాసిన కొలత కంటే రెండు వేళ్ళు పొడుగే ఉంది. ఆయన చేతులు తడి చేసుకుని ఆ చేపని ఎత్తుకున్నారు. పొద్దున రేకి ఆయన కొట్టినట్టు నేను చప్పట్లు కొట్టలేదు, కెమెరా కూడా మరిచిపోయాను. ఆయన, "బరువుంటుందమ్మా ఇది. వలలో చూడ్డం వేరు" అన్నారు. ఆయన కళ్ళు తడయ్యాయి. నావి ఎప్పుడో అయ్యాయి.

అయిదింటికి డాక్ దగ్గరికి వస్తే రే అక్కడే పడవ కడుక్కుంటున్నాడు. చేపని పెట్టుకున్న మా ఐస్ పెట్టెలోకి తొంగిచూసి, పక్కనున్న ఇద్దరితో, "చెప్పానా, చూస్తే వస్తుందని. పొద్దున నా దగ్గరే నేర్చుకున్నాడు" అన్నాడు. ఆ తర్వాత మా వైపు తిరిగి, ఇక్కడ మేం బాస్‌ని వదిలేస్తాం, తినం అని నీతి చెప్పాడు. పొద్దున్నుంచీ మింగిందంతా బయటికొచ్చింది నాకు. "మా డబ్బుతో మా చేపలు ఆరు నువ్వు పట్టుకున్నావు, వదిలేశావు. ఇది ఆయన పట్టింది, కొలత దాటింది. ఉంచుకోవడమో వదలడమో ఆయనిష్టం. నా పేరు హనీ కాదు" అన్నాను. డాక్ మీద అందరూ తిరిగి చూశారు.

మావయ్యగారు నా భుజం మీద చేయి వేసి ముందుకొచ్చారు. మూడు నెలల్లో ఆయన ఏ అమెరికన్‌తోనూ థాంక్యూ, వెరీ గుడ్ దాటి మాట్లాడ్డం నేను వినలేదు. కానీ ముప్ఫై రెండేళ్ళు ఇంగ్లీషులో ఫైళ్ళు రాసిన మనిషి. నా ఆకుపచ్చ కోటులోనే నిటారుగా నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా పలికారు: "సర్, కైండ్లీ కరెక్ట్ యువర్ స్టేట్‌మెంట్. ఐ వాజ్ ఇన్‌స్ట్రక్టెడ్ బై మై డాటర్-ఇన్-లా." రే మొహం ఎర్రబడింది, మళ్ళీ పడవ కడుక్కోవడంలో పడ్డాడు. ఇప్పటికీ ఆ మొహం తలుచుకుంటే నాకు కడుపు నిండుతుంది.

తిరుగు దారిలో మోనెట్ దాటాక ఆయన, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇదంతా?" అని అడిగారు. మూడు నెలల్లో నా గురించి నన్నడిగిన మొదటి ప్రశ్న అది. డార్లీన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి టల్సా వచ్చేదాకా చెప్పాను. ఇంట్లోకి వెళ్తూనే ఆయన అత్తయ్యగారితో, "ఆ కర్రలు అబ్బాయివి కావు, అమ్మాయివి" అన్నారు. అత్తయ్యగారు చేపని చూసి, నన్ను చూసి, చింతపండు నానబెట్టడానికి లేచారు.

మంగళవారం వాళ్ళు విమానం ఎక్కారు. మావయ్యగారికి మళ్ళీ అమెరికా రావడం పడలేదు. ఆ రోజు గురించి ఎవరికి చెప్పినా రేని తిట్టి నవ్వుకుంటారు, నేనూ తిడతాను. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు నాకు కోపం వచ్చేది రే మీద కాదు. ఆ మనిషి మా ఇంట్లో పన్నెండు శనివారాలున్నారు. గరాజ్‌లో కర్రలున్నాయి, ఇరవై నిమిషాల దూరంలో చెరువుంది, నేర్పగలిగిన మనిషిని నేనున్నాను. పదకొండు శనివారాలు మర్యాదకి పోయాయి, పన్నెండోదానిలో సగం గైడ్‌కి పోయింది. ఆయనకి దక్కింది ఒక్క మధ్యాహ్నం, ఒక్క చేప. ఇంకా ఎన్నో పట్టి ఉండేవారు.

అందుకని వెళ్ళేవాళ్ళకి నా సలహా ఇదొక్కటే. దారం ఆరు పౌన్లు, ఎర చిన్నది, రంగు అక్కడి రాళ్ళ రంగు, ఇవన్నీ కొట్లో ఎవరైనా చెబుతారు. గైడ్‌కి అడ్వాన్స్ పంపే ముందు మాత్రం, పడవలో నీ కర్ర కింద పెడతావా లేదా అని ఫోన్‌లోనే అడగండి. ఆ మాటకి నసిగితే ఫోన్ పెట్టేసి, మీ ఇంట్లో ఎవరికి చేతనవునో కనుక్కోండి. ఆ చేతనైన మనిషి మీరే అయితే, ఎవరైనా అడుగుతారని ఎదురుచూడకండి. కర్రలు నావి అని మొదటి రోజే చెప్పేయండి.